ఇన్సులిన్ ఇచ్చారు సరే, షుగర్ పడిపోతే ఏం చేయాలో చెప్పలేదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. సికింద్రాబాద్ వారాసిగూడలో 11 ఏళ్లుగా జాకెట్లు కుట్టుకుని బతుకుతున్న టైలర్‌ని నేను. గత వారం మా షాపుకు ఒక అమ్మాయి వచ్చింది. ఏడో నెల. నాలుగు జాకెట్లు తెచ్చి పక్క కుట్లు విప్పి వదులు చేయమంది. టేపు పెట్టి కొలుస్తుంటే మాటల్లో తనకు షుగర్ వచ్చిందనీ, ఇన్సులిన్ రాశారనీ, పది రోజులు వేసుకుని మానేశాననీ చెప్పింది. ఎందుకు మానేశావమ్మా అంటే, "వేసుకున్నాక కాళ్లూ చేతులూ వణుకుతున్నాయక్కా. కళ్లు తిరుగుతున్నాయి. ఆ మందు నాకు పడట్లేదు. కడుపులో పిల్లకేమన్నా అయితే?" అంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పావా అంటే లేదంది. తిడతారని భయమట.

పోయిన వేసవిలో అచ్చం ఇవే మాటలు నేను మా ఆయనతో అన్నాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

మీ పత్రికలో గర్భిణుల షుగర్ మీద అప్పుడప్పుడు వచ్చే వ్యాసాలు చదువుతుంటాను. షుగర్ పెరిగితే తల్లికి ఏమవుతుంది, బిడ్డకు ఏమవుతుంది, ఏం తినకూడదు, అన్నీ రాస్తారు. మంచిదే. కానీ ఇన్సులిన్ వేసుకునే ఆడమనిషికి అర్ధరాత్రి షుగర్ పడిపోతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలో రాసింది మాత్రం నా కంట పడలేదు. నాకు అసలు దెబ్బ అక్కడే తగిలింది.

నాకు 34 ఏళ్లు. పోయిన వేసవిలో నాది రెండో కాన్పు. పెద్దబాబు పుట్టినప్పుడు షుగరూ లేదు, బీపీ లేదు. అందుకే 26వ వారంలో గ్లూకోజు తాగించి రక్తం తీస్తామంటే "నాకెందుకులెండి" అన్నాను. 75 గ్రాముల గ్లూకోజు గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చారు. గొంతు దిగని తీపి. రెండు గంటలయ్యాక రక్తం తీస్తే 168. అది 140కి వచ్చినా, దాటినా గర్భంతో వచ్చిన షుగర్ కిందే లెక్కట. మా అమ్మకు షుగర్ ఉంది, నా బరువూ ఎక్కువే, వయసూ 30 దాటింది. డాక్టరమ్మ ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు.

రెండు వారాలు తిండి మార్చి చూడమన్నారు. అన్నం ఒక పూటకు తెచ్చాను. రాత్రి జొన్నరొట్టె, పప్పుకూర. సాయంత్రం షాపు మూశాక సీతాఫల్‌మండి స్టేషన్ దాకా నడక. అయినా పరగడుపున 104, టిఫిన్ తిన్న రెండు గంటలకు 148 వచ్చాయి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఇక లాభం లేదని ఇన్సులిన్ రాశారు. తెల్లగా పాలనీళ్లలా ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్, అంటే త్వరగా పనిచేసేదీ, నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన మందు. ఉదయం 6 యూనిట్లు, రాత్రి 4 యూనిట్లు, తిండికి అరగంట ముందు.

మా అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. ఆమె బెంగ ఆమెది. "సూది మొదలుపెడితే ఇగ చచ్చేదాక సూదే బిడ్డా. పొట్టల పిల్లకు పోదా ఆ మందు?" అంది. రెండోసారి డాక్టరమ్మ దగ్గరికి ఆమెనూ తీసుకుపోయాను. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకు పోదు, పోయేది చక్కెర అని చెప్పారావిడ. తల్లి ఒంట్లో చక్కెర ఎక్కువైతే బిడ్డకూ ఎక్కువే చేరుతుంది. దాన్ని అరిగించుకోవడానికి బిడ్డ తన ఒంట్లోనే ఇన్సులిన్ ఎక్కువ తయారు చేసుకుంటుంది, ఉండాల్సిన దానికన్నా లావెక్కుతుంది. పుట్టి బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, ఒంట్లో ఇన్సులిన్ మాత్రం మిగిలే ఉంటుంది. అప్పుడు పసిగుడ్డుకు షుగర్ పడిపోతుంది. అత్తమ్మ ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి నా సూది టైము నాకన్నా ముందు ఆమే గుర్తుచేసేది.

సూదికి భయపడే మనిషిని కాను. మిషన్ సూది గోరులోంచి దిగి అవతలికి వచ్చిన రోజులున్నాయి. అసలు టెన్షన్ పొడుచుకున్నాక మొదలైంది.

సిస్టర్ పొట్ట మీద ఎలా పొడుచుకోవాలో చూపించింది. సీసాను కుదపొద్దు, కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలని చెప్పింది. ఫ్రిజ్‌లో డోరులో పెట్టమంది. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఆమెను మాత్రం ఏమనగలం? లేచి వస్తుంటే, "కళ్లు తిరిగితే కొంచెం తీపి తినండి" అంది. కొంచెం అంటే ఎంత? తీపి అంటే లడ్డూనా, బెల్లమా? తిన్నా తగ్గకపోతే? ఇవి అడగాలని నాకు అప్పుడు తోచలేదు.

మొదటిసారి ఏప్రిల్‌లో. పెళ్లిళ్ల సీజన్. మాది రేకుల కప్పు షాపు, పదకొండు గంటలకే పెనంలా కాలుతుంది. ఆ రోజు ఎనిమిదికి సూది వేసుకున్నాను. తినబోతుండగా ఒక పెళ్లికూతురి తల్లి మగ్గం వర్క్ జాకెట్లు తెచ్చింది. మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు అని మాటల్లోనే తొమ్మిదింబావు అయింది. చల్లారిన ఉప్మా సగం తిని మిషన్ మీద కూర్చున్నాను. పదకొండు దాటాక దారం తెగింది. మళ్లీ ఎక్కిద్దామంటే సూది బెజ్జంలోకి పోవట్లేదు. రోజుకు యాభైసార్లు చేసే పని, కళ్లు మూసుకుని కూడా చేస్తాను. అలాంటిది దారం కొస నోట్లో పెట్టి తడిపి, గోటితో నొక్కి, మళ్లీ పెడితే బెజ్జానికి పక్కన పోతోంది. చెయ్యి వణుకుతోంది. మెడ వెనక నుంచి నడుము దాకా చెమట. పనికి వచ్చే పిల్ల ఏదో అడిగితే ఊరికే అరిచాను. అది ఏడుపు మొహం పెట్టింది. ఎండ దెబ్బనుకుని చెంబెడు నీళ్లు తాగి బట్టల మూట మీద పడుకున్నాను.

పడుకోవడం ఎంత తప్పో తర్వాత తెలిసింది. అలాగే నిద్రలోకి, అక్కడినుంచి స్పృహ లేని స్థితిలోకి పోతే లేపేవాళ్లుండరు. ఆ రోజు అదృష్టం కొద్దీ అత్తమ్మ అన్నం తెచ్చి లేపింది. ఇలా మూడుసార్లయింది. మూడోసారి మా ఆయన పట్టుబట్టి వేలు పొడిచి మీటరు పెడితే 58. 70కి తగ్గితేనే తక్కువ కింద లెక్క. అంతవరకు మా ఇంట్లో ఎవరికీ "షుగర్ తగ్గడం" అనేది ఒక ప్రమాదమని తెలియదు. తగ్గాలనే కదా ఈ తంటాలన్నీ అనుకునేవాళ్లం.

ఆ రోజు మా ఆయన కంగారుగా తెచ్చి నోట్లో పెట్టింది మైసూర్‌పాక్. అదీ సరైనది కాదట. నెయ్యి ఉన్న తీపి నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలోకి చక్కెర చేరేలోగా మనిషి పడిపోవచ్చు. చాక్లెట్ కూడా అంతే. మూడు టీస్పూన్ల పంచదార, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. లేదా గ్లూకోజు పొడి. 15 నిమిషాలాగి మళ్లీ వేలు పొడిచి చూడాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే తాగాలి. దాటాక, భోజనం టైము దూరంగా ఉంటే పాలో, రొట్టో తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంతే. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాకు ఇది తెలియడానికి నెల పట్టింది.

చిన్నవి ఇంకో మూడున్నాయి, అవీ చెప్తాను. మొదటి రెండు వారాలు చూపు మసకబారింది. దూరంగా ఉన్న బస్సు నంబరు కనిపించేది కాదు. నల్లగుడ్డ మీద నల్లదారం అసలే కనిపించదు. కళ్లు పోతున్నాయని ఏడ్చి, కళ్లజోడు షాపుకు పరుగెత్తి ₹1,800 పెట్టి అద్దాలు చేయించుకున్నాను. షుగర్ ఎక్కువ నుంచి తక్కువకు మారేటప్పుడు కంటి లోపలి కటకంలో నీరు అటూఇటూ అయి కొన్నాళ్లు అలా ఉంటుందట, దానంతటదే సర్దుకుంటుందట. సర్దుకుంది. అద్దాలు డబ్బాలోనే ఉన్నాయి. అలాగని మసకబారితే ఊరుకోమని కాదు. గర్భిణికి చూపు మసకబారడం, తలనొప్పి, మొహం వాపు కలిసి వస్తే అది బీపీ కావచ్చు, వెంటనే పోవాలి. నాకు బీపీ చూసి, కాదని తేల్చాకే ఈ మాట చెప్పారు.

రెండోది దురద. సూది పడిన చోట రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దు. స్పిరిట్ ఆరకముందే పొడుచుకోవడం, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందు అలాగే ఎక్కించుకోవడం, రెండూ చేసేదాన్ని. మానేశాక తగ్గింది. ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం అది వేరే సంగతి, పరుగెత్తాల్సిందే.

మూడోది గడ్డ. బొడ్డుకు కుడిపక్కన ఒక చోట నొప్పి తెలిసేది కాదు, అందుకని రోజూ అక్కడే పొడుచుకున్నాను. నెల తిరిగేసరికి చర్మం కింద గుండీ అంత గట్టిగా తగిలింది. అదే మందు, అదే తిండి, ఒకరోజు 96 వస్తే ఒకరోజు 160. గడ్డ కట్టిన చోట మందు సరిగా ఇంకదట. ఒకరోజు నెమ్మదిగా, ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి పోతుంది. అప్పుడు నా పని నాకు అక్కరకొచ్చింది. కొలతల పుస్తకంలో జాకెట్ ముందుభాగం గీసినట్టు పొట్ట బొమ్మ గీసి, రెండు తొడలూ గీసి, గళ్లు కొట్టాను. ఒక్కో గడికి ఒక్కో రోజు. పొడిచిన గడిలో టిక్కు, పక్కనే ఆ రోజు రీడింగ్. ఆ పేజీకి ఎదురుగా ఎవరిదో చుట్టుకొలత 38, భుజం 14 అని ఉంటుంది. డాక్టరమ్మ చూసి నవ్వారు. మంచి పని చేశావన్నారు.

ఇక ఆ రాత్రి సంగతి.

మే నెల మూడో వారం. నెలలు నిండేకొద్దీ ఒంటికి ఇన్సులిన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. అప్పటికి నా మోతాదు ఉదయం 12, రాత్రి 10 అయింది. సీసా అయిపోయింది. ఎప్పుడూ కొనే మందుల షాపులో సీసా లేదన్నారు. ఇంకోచోటికి పోయాం. అక్కడి అబ్బాయి చీటీ చూసి, పేరు చూసి, వేలంత గాజు గొట్టం ఒకటి ఇచ్చాడు. "ఇదీ అదే మందు అక్కా. ఇది పెన్నులో వేసేది. పెన్ను లేకున్నా సిరంజితో లాగొచ్చు, చానామంది అట్లనే వాడతరు" అన్నాడు. పెన్ను అంటే ఇన్సులిన్ పొడుచుకునే పెన్నులాంటి పరికరం, ఆ గొట్టం అందులో పెడతారు. పేరు అదే. 30/70 అన్న పాళ్లూ అవే. తెల్లటి మందూ అదే. ఏం తేడా ఉంటుందనుకుంటాం?

రాత్రి ఎనిమిదికి నా ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా లాగి పొడుచుకున్నాను. ఎనిమిదిన్నరకు రెండు పుల్కాలు, బీరకాయ కూర, మజ్జిగ. పది గంటలకు పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మా బాబు లేపాడు. నేను లేవలేదట. ఏదో గొణుగుతున్నానట. దిండు తడిసిపోయిందట. మా ఆయన లైటు వేసి మీటరు పెడితే 44. పంచదార నీళ్లు చెంచాతో తాగించారు. మింగే తెలివి ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. 15 నిమిషాలకు 61. మళ్లీ తాగించారు. 84. బ్రెడ్డు, పాలు ఇచ్చారు. హమ్మయ్య అనుకుని అత్తమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టబోతుంటే మళ్లీ చెమటలు. 57. ఇక ఆగలేదు. వీధి చివర ఆటో ఆయన్ని లేపి నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయారు. గ్లూకోజు ఎక్కిస్తూ గంటకోసారి వేలు పొడిచారు, తెల్లారేదాకా. బిడ్డ గుండె చప్పుడు వినిపించాకే నాకు ఏడుపొచ్చింది. అంతవరకు ఏమీ తెలియలేదు.

ఎందుకిలా పడిపోయిందో ఎవరికీ అర్థం కాలేదు. తిన్నావా అంటే తిన్నాను. మోతాదు పదే అంటే పదే. తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ మా ఆయన్ని ఇంటికి పంపి సంచి తెప్పించింది. ఆ గొట్టాన్నీ, సిరంజినీ ట్రేలో పక్కపక్కన పెట్టింది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గొట్టం మీది సన్నటి అక్షరాలు చదివింది. "దీంతో ఇది లాగావా అమ్మా?" అంది. అవునన్నాను. వార్డు అల్మరాలోంచి ఇంకో సిరంజి తెచ్చి దాని పక్కన పెట్టింది. దానిది నారింజ రంగు మూత. నాది ఎరుపు.

ఎర్ర మూత సిరంజి, ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. నారింజ మూతది 100 యూనిట్ల దానికి. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40వి, పెన్నుల్లో వేసే గొట్టాలు 100వి. 100 దాన్ని ఎర్ర మూత సిరంజితో పది గీతలు లాగితే ఒంట్లోకి పోయేది పది కాదు, ఇరవై ఐదు. రెండున్నర రెట్లు. అటుదిటైతే, 40 సీసాని నారింజ సిరంజితో లాగితే, పదికి నాలుగే పోతుంది. అప్పుడు షుగర్ తగ్గక, మోతాదు పెంచుకుంటూ పోతారు. చాలా దేశాల్లో ఇన్సులిన్ మామూలుగా 100దే దొరుకుతుంది, ఈ గొడవ లేదు. మన దగ్గర రెండూ ఒకే బల్ల మీద అమ్ముతారు.

నేను బీకాం చదివాను. షాపు లెక్కలన్నీ నేనే రాసుకుంటాను. రెండున్నర రెట్లంటే ఎంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సీసా మీద 40, గొట్టం మీద 100 అని ఉందన్న సంగతి చూడాలని తెలియకపోతే ఏ చదువైనా ఏం చేస్తుంది? నా సీసా అట్ట మీద తెలుగులో ఒక్క ముక్క లేదు. ఇంగ్లిష్ అక్షరాలైనా చీమ తలకాయంత.

ఆ షాపు పేరు రాయను. ఆ అబ్బాయికీ తెలిసి ఉండదు, అతని యజమాని చెప్పి ఉండడు. చీటీలో సీసా అనో, 40 అనో రాసి ఉంటే అతనూ ఆగేవాడేమో. నేనూ అడగలేదు. కాకపోతే కొలత తప్పితే జాకెట్ పాడవుతుంది, మళ్లీ కుట్టిస్తాను. ఇది అట్లాంటిది కాదు కదా.

ఆ రోజు ఉదయం నేను మా ఆయనతో అన్నాను, ఇక ఈ మందు వద్దు, నాకు పడట్లేదు అని. డాక్టరమ్మ వచ్చి మంచం మీద కూర్చుని ఒక పాత కథ చెప్పారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారట. ఆ మందు శుభ్రంగా లేక సూది వేసినచోట గడ్డలేచింది, ఆపేశారు. అంతటితో వదిలేయలేదు. 12 రోజుల్లో మందును శుద్ధి చేసి మళ్లీ ఇచ్చారు, ఈసారి షుగర్ దిగింది, పిల్లాడు కోలుకున్నాడు. "నీకు పడనిది మందు కాదు, లెక్క తప్పింది. లెక్క సరిచేద్దాం" అన్నారు. పెన్ను రాశారు. అందులో ఎన్ని యూనిట్లు కావాలో అంకె తిప్పుకోవడమే, సిరంజి గొడవ లేదు. ఖర్చు ఎక్కువే. షుగర్ చూసే మీటరులో పెట్టే స్ట్రిప్పులు ఒక్కోటి ₹20 పైనే, రోజుకు నాలుగు. రెండు జాకెట్ల మజూరీ వాటికే పోయేది కొన్ని రోజులు.

తర్వాత ఇంకొక్క రాత్రి కూడా అంత దూరం పోలేదు. సూది వేసుకున్నాక కస్టమర్ వచ్చినా, కలెక్టర్ వచ్చినా ముందు తిండి. శనివారం ఒక్కపొద్దు ఆ కొన్ని నెలలు మానేశాను, అత్తమ్మే మాన్పించింది. మిషన్ సొరుగులో బాబిన్ల పక్కన గ్లూకోజు పొడి చిన్న డబ్బా. పని పిల్లకు వేలు పొడిచి మీటరు చూడటం నేర్పాను. వారంలో నాకన్నా బాగా చేసేది. కరెంటు పోయినప్పుడు వాడే మందును మట్టికుండ చల్లదనంలో ఉంచేవాళ్లం, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన మందు ఇక పనికిరాదు.

జులై మొదటివారంలో పాప పుట్టింది. 3.1 కిలోలు. మాయ బయటపడ్డాక ఇన్సులిన్ అవసరం అప్పటికప్పుడు తగ్గిపోతుందట. నాకు ఆ రోజే ఆపేశారు. పాపకు మొదటి రోజంతా మడమ పొడిచి షుగర్ చూశారు, గంటలోపే పాలు పట్టించారు. ఆరు వారాలకు మళ్లీ ఆ తీపినీళ్లు తాగి పరీక్ష చేయించుకున్నాను, మామూలుగానే ఉంది. ఇలా వచ్చిపోయినవాళ్లకు ముందుముందు అసలు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువట, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. బొడ్డు పక్కన గడ్డ కూడా చాలావరకు కరిగింది.

నేను అడగదలుచుకున్నది పెద్దదేం కాదు. గర్భిణికి ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజే, ఆమెకు ఒక్కతికే కాక ఆమె పక్కన పడుకునే మనిషికి కూడా షుగర్ పడిపోతే ఏం చేయాలో చెప్పండి. మాటల్లో చెబితే మర్చిపోతాం, ఒక చిన్న కాగితం మీద తెలుగులో అచ్చేసి ఇవ్వండి. మా వాడలో ఉర్దూ వాళ్లూ ఉన్నారు, ఉర్దూలోనూ కావాలి. బస్తీ దవాఖానాల్లో, ఆశా అక్కల చేతుల్లో, తల్లీబిడ్డల కార్డుకు పిన్ను కొట్టి ఇచ్చినా చాలు. మీటరు లేని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు వణుకు, చెమట, ఆకలి, గుండెదడ, ఊరికే కోపం వస్తే ముందు పంచదార నీళ్లు తాగండి, తర్వాత ఆలోచించండి అని రాయాలి. దాక్కోకుండా డాక్టరుకు చెప్పండి, తిట్టరు, మోతాదు మారుస్తారు అని కూడా.

మందుల షాపులవాళ్లకు ఒక్క మాట. ఇన్సులిన్ అడిగిన ప్రతివాళ్లనూ "ఇంట్లో సిరంజి మూత ఏ రంగు?" అని అడగండి. సీసా 40 అయితే ఎర్ర మూత చేతిలో పెట్టండి. పెన్ను గొట్టం ఇస్తే పెన్ను ఉందా అని అడగండి, లేకపోతే ఇవ్వకండి. డ్రగ్ కంట్రోల్ అధికారులు ఈ ఒక్క ప్రశ్నా షాపుల చేత అడిగించగలిగితే ఎన్ని ఇళ్లలో ఎన్ని రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయో.

నవంబర్ 14 మనకు బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టిన రోజది. ఆ రోజు మా వైపు క్యాంపులు పెట్టి వేలు పొడిచి చూస్తారు, అన్నం తగ్గించమని కరపత్రాలిస్తారు. ఈసారి ఆ కరపత్రం వెనకవైపు ఖాళీగా వదలకుండా రెండు మూతల బొమ్మ వేయమని మనవి. రంగులో వేస్తేనే పనికొస్తుంది, నలుపు తెలుపులో వేస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

మీరు కూడా మీ ఆరోగ్యం పేజీలో ఆ బొమ్మ ఒకసారి వేయగలరా? మా షాపులో మిషన్ పైన గోడకు అట్టముక్క మీద నిజం మూతలే రెండు అతికించాను. ఒకటి ఎరుపు, ఒకటి నారింజ. కింద 40, 100 అని మార్కర్‌తో రాశాను. గర్భిణులు జాకెట్లు వదులు చేయించుకోవడానికి ఎలాగూ మా దగ్గరికే వస్తారు, అదేంటక్కా అని అడుగుతారు.

ఆ అమ్మాయిని మర్నాడు వాళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. తిట్టలేదు. ఉదయం మోతాదు రెండు యూనిట్లు తగ్గించారు, పది గంటలకు ఏదైనా తినమన్నారు. నిన్న వచ్చి జాకెట్లు పట్టుకుపోయింది. సిరంజి మూత రంగు అడిగితే సంచిలోంచి తీసి చూపించింది. ఎరుపే, సీసా 40దే. రెండూ కలిశాయి.

నా పేరు వేయకండి. ఆ రాత్రి సంగతి మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు, మీ పేపరు ఆమె రోజూ చదువుతుంది.

ఇట్లు,
ఒక టైలర్,
వారాసిగూడ, సికింద్రాబాద్